మా నాన్న ఫుట్‌వాల్వు – మా అమ్మ గుండె

గుండె గురించి మన భాషలో ఉన్నన్ని మాటలు బహుశా మరే అవయవం గురించీ లేవు. గుండె చెరువవుతుంది, గుండె రాయవుతుంది, గుండె జారుతుంది, పరీక్షల ముందు గుండెల్లో రైళ్ళు పరుగెడతాయి. గుండెలు తీసిన బంట్లు మన ప్రతి హాస్టల్లోనూ బ్లాకుకి ఇద్దరేసి ఉన్నారు. కాని “గుండె కారుతోంది” అనే మాట మాత్రం మన నుడికారంలో నాకెక్కడా తగల్లేదు. ఆ మాట మొట్టమొదట 2022లో ఒక డాక్టరు గారి నోట విన్నాను. ఆ గుండె మా అమ్మది.

ఈ ఏడు సావనీరుకి “ఏదన్నా రాసివ్వవోయ్” అంటూ సంపాదకవర్గ మిత్రుడొకడు మెస్సులో పట్టుకున్నాడు. కవిత్వం నా వల్ల కాదు. రాజకీయాలు రాస్తే ప్రిన్సిపాలు గారికి గిట్టదు. ఇక మిగిలింది నేను చదివే మెకానికల్ ఇంజనీరింగు. కాబట్టి ఒక పంపు గురించీ, దాని వాల్వు గురించీ, ఆ వాల్వు కారితే మనిషి చేసుకున్న మరమ్మతుల గురించీ రాస్తున్నాను. వైద్య విద్యార్థులెవరైనా చదివితే, ఇంజనీరు మాటలని క్షమించగలరు.

ఆ పంపు సైజు దాని యజమాని గుప్పెడంత. నిమిషానికి సుమారు 70 స్ట్రోకులు. స్ట్రోకుకి 70 మిల్లీలీటర్లు వేసుకున్నా నిమిషానికి అయిదు లీటర్లు, రోజుకి 7000 లీటర్లు. వేసవిలో మన హాస్టలుకి వచ్చే నీళ్ళ ట్యాంకరు 5000 లీటర్లది. స్ట్రోకుల లెక్కకొస్తే రోజుకి లక్ష, ఏడాదికి మూడున్నర కోట్ల పైచిలుకు. సర్వీసింగు లేదు, గ్రీజు లేదు, ఆదివారం సెలవు లేదు. ఇలాంటి పంపుని డిజైను చేసి తెమ్మంటే మన డిపార్టుమెంటు మొత్తం చేతులెత్తేస్తుంది.

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవాళ్ళకి కర్ణికలూ జఠరికలూ గుర్తుండే ఉంటాయి. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం ఎడమ కర్ణికలోకి వచ్చి, అక్కణ్ణుంచి ఎడమ జఠరికలోకి దిగుతుంది. ఈ రెండు గదుల మధ్య తలుపు అగ్రద్వయ కవాటం. ఇంగ్లీషు వైద్యంలో మైట్రల్ వాల్వు. బిషప్పులు పెట్టుకునే రెండు కొనల టోపీని మైటర్ అంటారు; దాని పోలికతో వచ్చిన పేరది. తలుపుకి రెండు రెక్కలు. రెక్కల అంచుల నుంచి సన్నని తాళ్ళు కిందికి దిగి జఠరిక గోడలోని కండరాలకి కట్టి ఉంటాయి, పారాచ్యూట్ తాళ్ళలాగ. జఠరిక ముడుచుకుని రక్తాన్ని ఒంట్లోకి తోసేటప్పుడు ఆ రెక్కలు మూసుకోవాలి. తాళ్ళు వాటిని అటువైపు తిరగబడిపోకుండా పట్టుకోవాలి. మూసుకోవడంలో తేడా వస్తే, తోసిన రక్తంలో కొంత ముందుకి పోయే బదులు వెనక్కి, ఊపిరితిత్తుల వైపు ఎగదన్నుతుంది. కారడమంటే ఇదే.

ఈ సంగతి మా నాన్నకి డాక్టరు గారు ప్లాస్టిక్ గుండె బొమ్మ చూపించి అయిదు నిమిషాలు చెప్పారు. మా నాన్న అంతా విని “అంటే ఫుట్‌వాల్వు పోయిందంటారు” అన్నాడు. డాక్టరు గారికి ఫుట్‌వాల్వు తెలియదు. మా నాన్నే ఆయనకి చెప్పాడు.

తెలియనివాళ్ళకి నేనూ చెబుతాను. కాలవ మీదో, దిగుడు బావి మీదో మోటారు పెట్టుకున్న రైతుకి, నీళ్ళలో మునిగి ఉండే గొట్టం కొసన ఒక వాల్వు ఉంటుంది. నీళ్ళు పైకి వస్తాయి తప్ప కిందికి దిగవు. అందులో తోలు వాషరు అరిగిపోయినా, చిన్న పుల్ల అడ్డంపడినా, రాత్రికి రాత్రి గొట్టంలో నీళ్ళన్నీ దిగిపోతాయి. పొద్దున్నే స్టార్టరు నొక్కితే మోటారు తిరుగుతుంది, రొద చేస్తుంది, వేడెక్కుతుంది, చుక్క నీరు రాదు. అప్పుడు పైనుంచి బిందెలకొద్దీ నీళ్ళు పోసి గొట్టం నింపాలి. ఆ నీళ్ళలో కాస్త పేడ కలిపి పోస్తే, అది వెళ్ళి కంతకి అడ్డుపడి ఆ పూటకి పని నడుస్తుంది. మా అమ్మ పరిస్థితీ సరిగ్గా అదే. మోటారు తిరుగుతోంది, వేడెక్కుతోంది, నీళ్ళు మాత్రం చేలోకి పారడం లేదు. డాక్టర్లు ఇచ్చిన ఒంట్లో నీరు లాగే మాత్రలు, పేడ కలిపిన నీళ్ళలాగా ఆ పూటకి పని నడిపించేవి.

* * *

మా అమ్మకి పదకొండో ఏట, అంటే 1992లో, గొంతునొప్పి వచ్చి తగ్గిపోయిందట. మూడు వారాల తర్వాత జ్వరం. మోకాలు వాచింది; అది తగ్గేసరికి మడమ, మడమ తగ్గేసరికి మోచెయ్యి. “నొప్పి చుట్టపుచూపుగా కీలు మార్చి కీలు తిరిగేది” అంటుంది అమ్మ. మా అమ్మమ్మ వావిలాకు కాపడం పెట్టింది. పట్నంలో ఒక డాక్టరు గారు చూసి, ఇది కీళ్ళవాత జ్వరం, మూడు వారాలకొక పెన్సిలిన్ సూది చొప్పున ఏళ్ళ తరబడి వేయించాలి అన్నారు. రెండేళ్ళు వేయించారు. ఆ సూది మందు చిక్కగా ఉంటుంది, నడుం దిగువన వేస్తే రెండు రోజులు కూర్చోలేరు. బస్సు ఛార్జీలు, కూలి పోవడం, బళ్ళో నాగాలు. పైగా పిల్లకి నొప్పులేమీ లేవు. ఏ నొప్పీ లేని పిల్లకి నొప్పి పుట్టించే సూది ఎందుకని మానిపించారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టను. సూది ఎందుకో వాళ్ళకి అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెప్పిన మనిషి లేడు.

ఈ జబ్బు తమాషా అదే. గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి మీదికి మన ఒంట్లోని రక్షకభటులు యుద్ధానికి బయలుదేరతారు. ఆ సూక్ష్మజీవి పోలికలే మన గుండె కణజాలంలోనూ ఉండటంతో, పోలిక తేడా తెలియక సొంత ఇంటి మీదే లాఠీఛార్జి చేస్తారు. కీళ్ళనొప్పి పోతుంది, గుండెలో దెబ్బ మిగిలిపోతుంది. మళ్ళీ మళ్ళీ గొంతు చెడినప్పుడల్లా ఆ దెబ్బ మీద దెబ్బ. రెక్కలు మందమెక్కి, ముడుచుకుపోయి, తాళ్ళు అతుక్కుని పొట్టివైపోతాయి. అప్పుడు తలుపు సరిగా తెరుచుకోదు, లేదా సరిగా మూసుకోదు, లేదా రెండూ. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మకి ఆయాసం వస్తే, కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేలే అన్నారట. నలభై దాటాక మేడ మెట్లెక్కలేక, రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నప్పుడు గాని మేము కదల్లేదు.

ఎకో పరీక్షలో తెర మీద రక్తం రంగుల్లో కనిపిస్తుంది. యంత్రం వైపు వచ్చేది ఎరుపు, దూరంగా పోయేది నీలం. కారే చోట రెండూ పసుపుపచ్చతో కలిసి కలగాపులగంగా చిమ్ముతాయి. “సంక్రాంతి ముగ్గు మీద చంటాడు పాకినట్టుందే” అంది అమ్మ, మంచం మీద పడుకునే.

* * *

ఆ రాత్రే హాస్టల్లో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మనిషి ఈ తలుపుని బాగుచేసుకోవడానికి పడిన తిప్పలు ఒక నవలంత ఉన్నాయి.

1960లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆల్బర్ట్ స్టార్ అనే యువ సర్జనూ, లోయెల్ ఎడ్వర్డ్స్ అనే రిటైరైన ఇంజనీరూ కలిసి ఒక కృత్రిమ కవాటాన్ని మైట్రల్ స్థానంలో అమర్చారు. ఎడ్వర్డ్స్ ద్రవాల పంపుల్లో ఆరితేరినవాడు. అసలు ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళింది మొత్తం గుండెనే తయారుచేద్దామని. ముందు ఒక్క వాల్వు చేసి చూడమన్నాడట స్టార్. వాళ్ళు చేసింది చిన్న లోహపు పంజరంలో ఒక బంతి. రక్తం ముందుకి పోతే బంతి లేచి దారిస్తుంది, వెనక్కి వస్తే వచ్చి కన్నాన్ని మూసేస్తుంది. మా నాన్నకి ఆ బొమ్మ చూపిస్తే “ఇదీ మనదే” అన్నాడు తృప్తిగా.

తీసేసి కొత్తది పెట్టడం ఒక దారి. ఉన్నదాన్నే బాగుచేయడం ఇంకో దారి. ఈ రెండోదారికి పెద్దదిక్కు పారిస్ సర్జను అలాన్ కార్పెంటియర్. కారే వాల్వు చుట్టూ ఉన్న చట్రం సాగిపోయి ఉంటుందని గమనించి, 1960ల చివర్లో దానికి ఒక ఉంగరం కుట్టి, మళ్ళీ సరైన ఆకారానికి తెచ్చే పద్ధతి పెట్టాడు. చెక్క సాగి తలుపు బిగువు తప్పితే వడ్రంగి తలుపు మార్చడు, ద్వారబంధం సరిచేస్తాడు, అలాగన్నమాట. తెగిన తాళ్ళ స్థానంలో కృత్రిమ దారాలు కట్టడం ఆ తర్వాత వచ్చింది.

1991లో ఇటలీలోని మిలాన్‌లో ఒట్టావియో ఆల్ఫియేరి ఇంకా సులువైన పని చేశాడు. రెండు రెక్కల అంచుల్నీ సరిగ్గా కారేచోట ఒకదానికొకటి కుట్టేశాడు. మధ్యలో కుట్టు, అటొక కన్నం, ఇటొక కన్నం. రక్తం రెండు కన్నాల గుండా దిగుతుంది, కారడం తగ్గుతుంది. వినడానికి చిరిగిన చొక్కాకి టాకా వేసినట్టుంటుంది. పెద్ద పెద్ద సర్జన్లు చాలామంది మొదట్లో అనుమానంగానే చూశారు. కాని పని చేసింది.

ఇక్కడే మన కథలోకి క్లిప్పు వస్తుంది. కుట్టే కావలసింది అయితే, దానికోసం రొమ్ము ఎముక కోసి, గుండె ఆపి, రక్తాన్ని యంత్రంలో తిప్పాల్సిన పనేముంది, కుట్టుకి బదులు ఒక క్లిప్పు పెడితే పోలేదా అని కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ సెయింట్ గోర్ అనే హృద్రోగ నిపుణుడూ, ఆయనతోటి ఇంజనీర్లూ ఆలోచించారు. దాని ఫలితమే మైట్రాక్లిప్. 2003లో వెనెజువెలాలోని కరాకస్‌లో మొదటిసారి మనిషి గుండెలో పెట్టారు. 2008లో ఐరోపాలో, 2013లో అమెరికాలో అనుమతులు వచ్చాయి.

పెట్టే పద్ధతి చదువుతుంటే నాకు నిద్ర పట్టలేదు. తొడ దగ్గరి సిర గుండా ఒక గొట్టాన్ని పైకి పంపుతారు. అది గుండె కుడి కర్ణికలోకి చేరాక, రెండు కర్ణికల మధ్య గోడకి సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమ వైపుకి దాటిస్తారు. అన్నవాహికలోకి దించిన ఎకో పరికరంతో తెర మీద చూసుకుంటూ, కొట్టుకుంటున్న గుండెలోనే, క్లిప్పు చేతులు రెండూ విప్పి, ఎగిరెగిరి పడుతున్న రెండు రెక్కల్నీ పట్టుకుని మూస్తారు. క్లిప్పు కోబాల్ట్, క్రోమియం కలిసిన లోహం. పైన పాలిస్టరు గుడ్డ. కొన్నాళ్ళకి దాని మీద ఒంటి కణజాలమే పెరిగి కప్పేస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇది: మూశాక కారడం తగ్గిందో లేదో అక్కడికక్కడే చూస్తారు. తగ్గకపోతే విప్పి, జరిపి, మళ్ళీ పట్టిస్తారు. బాగుందనుకున్నాకే గొట్టం నుంచి విడదీస్తారు. ట్రయల్ చూసి బిగించే సౌకర్యం గుండెలో! మన వర్క్‌షాపులో పాడైన జాబ్‌కి కూడా ఇంత అదృష్టం లేదు.

తెల్లారి ఇంటికి ఫోను చేసి, కోత లేకుండా అయిపోతుంది, క్లిప్పు పెట్టేస్తారట అన్నాను. “బట్టలారేసే క్లిప్పా?” అంది అమ్మ. దాదాపు అలాంటిదే అన్నాను. “అయితే పెట్టించెయ్యండి, కోతకైతే నేను రాను” అంది. ఆ మాటతో ఇంట్లో అందరికీ ధైర్యం వచ్చింది.

* * *

డాక్టరు గారు నేను చదివిందంతా ఓపిగ్గా విన్నారు. విని, “నువ్వు చదివింది నిజమే బాబూ. కాని మీ అమ్మగారికి అది పనికిరాదు” అన్నారు.

ఎందుకు పనికిరాదో ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండు కాయితాలు తీసుకున్నారు. మెత్తటి కాయితాలు రెండూ అంచులు కలిపి గుండుసూది పెట్టారు, కలిశాయి. తర్వాత రెండు విజిటింగు కార్డుల్ని మడిచి నలిపి, పొట్టివి చేసి, కలపమన్నారు. కలవలేదు. కలిపితే మధ్యలో చిరిగింది. క్లిప్పు పట్టుకోవాలంటే రెక్కలు పల్చగా, పొడుగ్గా, కదిలేవిగా ఉండాలి. కీళ్ళవాత జ్వరం తిన్న రెక్కలు గట్టిపడి, కుదించుకుపోయి ఉంటాయి. ఇంకోటి, క్లిప్పు పెడితే దారి కొంత ఇరుకవుతుంది. మామూలు వాల్వు తెరుచుకున్నప్పుడు నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లుంటుంది కాబట్టి కొంత పోయినా తట్టుకుంటుంది. అమ్మ వాల్వు అప్పటికే కాస్త ఇరుకు. కారడం ఆపబోయి దారి మూసినట్టవుతుంది.

మరి ఇది ఎవరికోసం చేసినట్టు? అదే వార్డులో అమ్మ మంచానికి ఎదురుగా డెబ్బై దాటిన రిటైర్డు మేష్టారొకాయన ఉండేవారు. ఆయన వాల్వు రెక్కలకి ఏ జబ్బూ లేదు. గుండెపోటు వచ్చి జఠరిక బుడగలా సాగింది. గోడలు దూరం జరగడంతో తాళ్ళు రెక్కల్ని కిందికి లాగేస్తున్నాయి. అంచులు కలవడం లేదు. తలుపు బాగానే ఉంది, ఇల్లే ఒరిగింది. ఆయన వయసుకీ, గుండె బలానికీ పెద్ద ఆపరేషను ప్రమాదం. ఆయనకి క్లిప్పు పెట్టారు. ఖర్చు లక్షల్లో, కొడుకులు విదేశంలో ఉన్నారు, భరించారు. నాలుగో రోజు ఆయన వరండాలో నడుస్తూ, మా అమ్మ మంచం దగ్గర ఆగి “అమ్మా, మీకూ నయమవుతుంది” అని చెప్పి వెళ్ళారు. పెద్దమనిషి. ఆయన్ని చూసి నేను సంతోషించాను. అసూయపడలేదంటే మాత్రం అబద్ధం.

క్లిప్పు కూడా సర్వరోగ నివారిణి కాదని తర్వాత చదివాను. 2018లో ఒకే ఏడాది రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాయి. రెండూ మేష్టారిలాంటి రోగుల మీదే. అమెరికా, కెనడాల్లో 614 మందిని రెండేళ్ళు గమనించిన పరిశోధనలో, మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 46 మంది చనిపోతే, క్లిప్పు కూడా పెట్టించుకున్నవారిలో 29 మంది. ఫ్రాన్సులో 304 మంది మీద జరిగిన పరిశోధనలో ఏడాదికి ఏ తేడా కనపడలేదు. అదే క్లిప్పు, అదే ఏడు, రెండు జవాబులు. ఫ్రాన్సులో చేర్చుకున్నవారికి గుండె మరీ సాగిపోయి, దానితో పోలిస్తే కారడం తక్కువనీ, అలాంటివారికి కారడం ఆపినా ఒరిగేదేమీ ఉండదనీ ఎక్కువమంది నిపుణుల వివరణ. మా నాన్న భాషలో చెప్పాలంటే, బావిలోనే నీళ్ళు లేకపోతే ఫుట్‌వాల్వు మార్చి ఏం లాభం? పరికరం గొప్పదైతే చాలదు, ఎవరికి పెట్టాలో తెలియాలి.

* * *

అమ్మకి మిగిలింది కోతే. “నేను రాను” అన్న మనిషిని ఒప్పించింది నేనూ కాదు, నాన్నా కాదు. పక్క మంచం మీదున్న, ఆపరేషనయిన పాతికేళ్ళ పిల్ల, తన రొమ్ము మీది కుట్లు చూపించి, “పిన్నీ, మూడో రోజు లేచి నడిచాను” అంది. అంతే.

సర్జను గారు ముందు బాగుచేయడానికే ప్రయత్నిస్తాననీ, లోపల చూశాక కుదరకపోతే మారుస్తాననీ చెప్పారు. మా నాన్నకి సందేహం. “ఫుట్‌వాల్వు పోతే మేం కొత్తదే వేస్తామండీ, పాతది రిపేరు చేయించం. మీరు రిపేరే మంచిదంటారేంటి?” ఆయన నవ్వి, “మీ ఫుట్‌వాల్వుకి ప్రాణం లేదు కదండీ. దీనికుంది. సొంతది ఎంత మిగిల్తే అంత మంచిది” అన్నారు. 2023 ఫిబ్రవరిలో ఆపరేషను జరిగింది. లోపల చూస్తే బాగుచేయడానికి రెక్కలే మిగల్లేదు. మార్చారు. పెట్టింది చిత్రా వాల్వు.

ఈ వాల్వు గురించి మన ఇంజనీరింగు విద్యార్థులు తప్పకుండా తెలుసుకోవాలి. తిరువనంతపురంలోని శ్రీ చిత్రా తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం. ఎస్. వలియత్తాన్ అనే సర్జను నాయకత్వాన, జి. ఎస్. భువనేశ్వర్ వంటి ఇంజనీర్లు చేసిన పని. అప్పట్లో విదేశాల నుంచి తెప్పించే వాల్వులు మన పేదల అందుబాటులో లేవు. వీళ్ళు చేసిన మొదటి మూడు నమూనాలూ విఫలమయ్యాయి. ఒకదానిలో అతుకు విరిగింది, ఒకదానిలో లోహం అరిగింది, నీలమణితో చేసిన బిళ్ళ ఒక గొర్రె గుండెలో పగిలింది. నాలుగోసారి బిళ్ళని ఒక గట్టి రకం పాలిథిలీన్‌తో చేశారు. బజారు సంచీల కుటుంబమే, కాని వంశోద్ధారకుడు. కోబాల్ట్, క్రోమియం మిశ్రలోహపు చట్రంలో ఆ బిళ్ళ వాలుగా లేచి దారిస్తుంది, వాలి మూసుకుంటుంది. 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి అమర్చారు. ఇప్పటికి లక్షకి పైగా అమర్చారు. పదేళ్ళు పనిచేయాలంటే 36 కోట్ల సార్లకి పైగా తెరుచుకుని మూసుకోవాలి. అలా చేస్తుందని యంత్రాల మీద ముందే పరీక్షించి చూడాలి. మూడుసార్లు ఓడిపోయి నాలుగోసారి మొదలుపెట్టిన ఆ ల్యాబొరేటరీని తలచుకుంటే, ఒక్క బ్యాక్‌లాగుకే కుంగిపోయే మనబోటివాళ్ళకి కాస్త సిగ్గేస్తుంది. వలియత్తాన్ గారు 2024 జులైలో కన్నుమూశారు.

ఆ వాల్వుని తయారుచేసేది టి.టి.కె. వాళ్ళని చెబితే, “ప్రెషర్ కుక్కరు వాళ్ళా? అయితే ఫరవాలేదు, మనింట్లోది పదిహేనేళ్ళ నుంచీ పనిచేస్తోంది” అంది అమ్మ. ఇంటికొచ్చాక ఎడమవైపు తిరిగి పడుకుంటే లోపల టక్కు టక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తుందట. “మీ నాన్న గురక కంటే నయం” అంటుంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. 2007లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ తర్వాత పేర్లూ, కార్డులూ మారినా, వాల్వు ఆపరేషను ఆ పథకంలోదే కాబట్టి మా అమ్మకి జరిగింది. అది లేకపోతే ఎకరం పొలం పోయేది.

లోహపు వాల్వు పెట్టించుకున్నాక కథ ముగియదు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే వాల్వు బిగుసుకుపోవడమో, గడ్డ మెదడుకి పోయి పక్షవాతమో. అందుకని నెలకోసారి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. అది రెండున్నర, మూడున్నరల మధ్య ఉండాలన్నారు అమ్మకి. ఆకుకూరల్లోని కె విటమిన్ ఆ మాత్రకి విరుగుడు. గోంగూర మానెయ్యాలా అని అమ్మ బెంగపడింది. మానక్కర్లేదు, రోజూ ఒకే తీరుగా తినాలి, ఒకరోజు పండగా ఇంకోరోజు ఉపవాసమూ పనికిరావన్నారు. గోడ మీద కాలెండరులో పాల లెక్క పక్కనే ఐ.ఎన్.ఆర్. అంకె రాసుకుంటుంది. మన మండలంలో ఆ పరీక్ష చేసే చోటు లేక పట్నం వెళ్ళాలి. పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తుంది. పిల్లల్ని కనవలసిన వయసు ఆడపిల్లలకైతే ఇంకో చిక్కు: ఆ మాత్ర కడుపులోని బిడ్డకి చేటు చెయ్యగలదు. “పిన్నీ” అన్న ఆ పాతికేళ్ళ పిల్లకి అప్పటికింకా పెళ్ళి కాలేదు.

* * *

క్లిప్పుల ప్రపంచం ముందుకే పోతోంది. పాస్కల్ అనే ఇంకో రకం వచ్చింది. గుండె కుడివైపు వాల్వు కోసం ట్రైక్లిప్‌కి 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2025లో గుజరాత్‌కి చెందిన మన దేశపు సంస్థ కూడా సొంతంగా తయారుచేసిన క్లిప్పుని విడుదల చేసింది. ధర దిగితే మన మేష్టార్లందరికీ అందుతుంది. దిగాలని నా కోరిక.

కాని ఒక మాట నన్ను వదలడం లేదు. ఈ పరికరాలన్నీ పుట్టింది ముసలితనంలో కారే గుండెల కోసం. సంపన్న దేశాల్లో ఎక్కువగా కారేవి అవే. కీళ్ళవాత జ్వరాన్ని వాళ్ళు చాలామట్టుకి ఎప్పుడో వదిలించుకున్నారు. విశాలమైన ఇళ్ళూ, గొంతునొప్పికి సకాలంలో మందూ దానికి సాయపడ్డాయి. చిన్నతనంలో దెబ్బతిని, ముప్ఫై నలభై ఏళ్ళకే కారడం మొదలయ్యే గుండెలు మనవి, ఆఫ్రికావి, మనలాంటి మరికొన్ని దేశాలవి. వాటికోసం తెల్లారేదాకా కూర్చునే ల్యాబొరేటరీలు తక్కువ. గట్టిపడిన రెక్కకి పనికొచ్చే సాధనం, రక్తం గడ్డకట్టనివ్వని వాల్వు, మండల కేంద్రంలో వేలి చుక్కతో ఐ.ఎన్.ఆర్. చెప్పే చౌక పరికరం – ఇవి ఎవరో ఒకరు చెయ్యవలసిన పనులు. ఆ ఎవరో మన కళాశాల నుంచే ఎందుకు రాకూడదు?

అవన్నీ వచ్చేలోగా చెయ్యదగ్గది ఇంకోటుంది, దానికి ఇంజనీరు కూడా అక్కర్లేదు. మీ ఊళ్ళోగాని, ఎన్.ఎస్.ఎస్. క్యాంపుల్లోగాని, అయిదు నుంచి పదిహేనేళ్ళ మధ్య పిల్లలెవరైనా గొంతునొప్పి తర్వాత జ్వరంతో, ఒక కీలు నుంచి ఇంకో కీలుకి తిరిగే వాపుతో కనిపిస్తే, కాపడాలతో సరిపెట్టనివ్వకండి. డాక్టరుకి చూపించమనండి. పెన్సిలిన్ సూది మొదలుపెడితే, నొప్పి లేదు కదా అని మానిపించనివ్వకండి. ఆ సూది కీళ్ళకోసం కాదు, గుండెకోసమని పిల్ల తల్లికి మనం అర్థమయ్యేలా చెప్పాలి. అయిదు నిమిషాల పని. మా అమ్మమ్మకి 1992లో ఆ అయిదు నిమిషాలు ఎవరూ ఇవ్వలేదు.

ఆ సూది కొత్తది కాదు, ఖరీదైనదీ కాదు. దాన్ని కనిపెట్టిన కథ ఏ నవలకీ రాదు. క్లిప్పుకున్నంత పేరు దానికి లేదు కాబట్టి, సావనీర్లలో దాని మీద ఎవరూ వ్యాసాలు రాయరు. అందుకని నేను రాశాను.